నేను నింపిన గాలి

ఇన్వర్‌కెల్,
1986 అక్టోబరు 5

ప్రియమైన ముర్డోకి,

ఆసుపత్రి నుంచి ఇల్లు చేరేసరికి ఒక రైలు, రెండు బస్సులు, చివర్లో చేపల వ్యాను. మూడు వారాలు నీ మంచం పక్కన మందుల వాసన పీల్చి పీల్చి ఉన్నానేమో, ఆ వ్యాను కంపు కూడా నాకు హాయిగానే అనిపించింది.

ఇల్లు బాగానే ఉంది. వంటింటి కిటికీ గాలికి తెరుచుకుని పిండి డబ్బాలోకి వాన కొట్టింది, అంతే నష్టం. పడవలో చేరిన నీళ్ళు మీ టార్క్విల్ మామ రోజూ తోడి పోస్తున్నాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, వద్దన్నా వినడు. నన్ను చూడగానే నీ కాళ్ళ సంగతి అడగలేదు. "వాడు తింటున్నాడా?" అన్నాడు. తింటున్నాడు, ప్రతి ముద్దకీ వంటవాణ్ణి తిడుతున్నాడు అన్నాను. "తిడుతున్నాడా! అయితే ఫర్వాలేదు" అని ముఖం అటు తిప్పుకుని ముక్కు చీదుకున్నాడు.

ఎదురుగా కూర్చున్న మూడు వారాలూ నోటికి రాని మాట ఒకటుంది. కాగితం మీదైతే రాయగలనేమో. ఆ రోజు నువ్వు మూడోసారి సముద్రంలోకి దిగినప్పుడు వీపుకి కట్టుకున్న గాలి సిలిండరు నింపింది నేను. నిన్ను పడవలోకి లాగగానే, "సగం కూడా నిండలేదే ఇందులో" అన్నావు. గాలి చాలక ఒక్కసారిగా పైకి వచ్చేశానన్నావు. ఇంకో పది నిమిషాలకి కాళ్ళు తెలియడం లేదన్నావు. ఆగుతూ ఆగుతూ పైకి రాకపోతే రక్తంలో గాలి బుడగలు కడతాయన్నారు డాక్టర్లు.

ఇంటికి రాగానే షెడ్డులోకి వెళ్ళి సిలిండర్లలోకి గాలి ఎక్కించే కంప్రెసరు ముందు నిలబడ్డాను. ఆ పొద్దున గాలి కొలిచే ముల్లు చివరిదాకా వచ్చాకే కట్టేశానా? మధ్యలో బట్టలు ఆరేయడానికి వెళ్ళానా? ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. పదిహేనేళ్ళుగా నువ్వు కింద, నేను పైన. నేను నింపిన గాలి నువ్వు పీల్చావు, ఎన్నడూ లెక్క తప్పలేదు. నన్ను తిట్టు ముర్డో. ఏదో ఒకటి అను.

ఇంకో సంగతి. క్రిస్మస్‌ ముందు విందుల కోసం ఆల్చిప్పలకి గిరాకీ. పడవని ఊరికే కట్టేసి ఉంచడం ఇష్టం లేక ఒక డైవర్‌ని కుదుర్చుకున్నాను. మన సముద్రపు పాయలోనే, పెద్ద లోతు లేనిచోట. పడవ మామ చూసుకుంటాడు. కోప్పడకు.

నీ
ఇష్బెల్


గ్లాస్గో,
అక్టోబరు 16

ఇష్బెల్‌కి, ప్రేమతో,

నా కిటికీలోంచి ఒక గోడ కనిపిస్తుంది. ఆ గోడ మీద ఎప్పుడూ ఒకటే పావురం. సముద్రం ఎటువైపు ఉందో నర్సుని అడిగితే, ఆ పిల్ల కాస్త ఆలోచించి మెట్లవైపు చూపించింది.

పక్క మంచం ఫెర్గీ నీకు గుర్తుండే ఉంటాడు, ఓడల కర్మాగారంలో క్రేను మీంచి పడ్డవాడు. "నేనేమో కిందికి వచ్చి పాడయ్యాను, నువ్వేమో పైకి వచ్చి పాడయ్యావు. ఇద్దరం మధ్యలో ఆగుంటే సరిపోయేదిరా" అంటాడు. వ్యాయామం చేయించే ఆవిడ ఆరడుగులు ఉంటుంది. రోజూ నా కాలి బొటనవేలి మీద అరుస్తుంది, అదేదో తన మాట వినని కుక్కపిల్లయినట్టు. నిన్న కదిలింది. ఎడమది. ఆవిడే నాకంటే ముందు చప్పట్లు కొట్టింది.

సిలిండరు సంగతి అంటావా, అయిందేదో అయింది. వదిలెయ్. మళ్ళీ దాని గురించి రాయకు.

ఇంతకీ ఎవడా డైవరు? పేరు లేదా వాడికి? ఏ ఊరు? నా రబ్బరు సూటు వేసుకుంటున్నాడా? ఎక్కడుంటున్నాడు? మన పాయ తెలియనివాడు ఆ నీళ్ళలో దిగితే అరగంటలో దారి తప్పుతాడు. నాలుగు ప్రశ్నలు అడిగాను, నాలుగింటికీ జవాబు రాయి.

ముర్డో


ఇన్వర్‌కెల్,
నవంబరు 9

ప్రియమైన ముర్డోకి,

ఎడమ బొటనవేలికి నా ముద్దులు. కుడిదానికి సిగ్గు లేదా అని అడిగానని చెప్పు.

నీ ప్రశ్నలకి జవాబులు. డైవర్‌ గారిది ఇక్కడికి దగ్గరే. నీ సూటు పొడుగు, భుజాల దగ్గర వదులు, అందుకని వేరే సూటు చూసుకున్నారు. పాతదే, మోచేతుల దగ్గర రబ్బరు మాసికలు. డైవింగ్‌ ఎప్పుడో నేర్చుకుని మానేశారు కాబట్టి పట్నం వెళ్ళి పదిహేను రోజులు మళ్ళీ శిక్షణ తీసుకుని వచ్చారు. ఉండడం అంటావా, మన ఇంట్లోనే. ఇంకెక్కడుంటారు? మితంగా తింటారు. నా వంటకి వంకలు పెట్టరు. ఆ విషయంలో నీకంటే నయం.

మొదటిరోజు తెచ్చినవి పదకొండంటే పదకొండు ఆల్చిప్పలు. మామ వల సంచి ఎత్తి చూసి, "ఇవి పట్టుకున్నవా, జాలిపడి వాటంతట అవే ఎక్కినవా?" అన్నాడు. తడిసి వణికిపోతున్న మనిషిని పట్టుకుని అనే మాటేనా అది? కానీ రెండో వారానికి సంచి బరువెక్కింది.

డైవర్‌ గారు చెప్పింది వింటూ ఉంటే పొద్దు తెలియదు. పైన రెండు మీటర్ల దాకా కొండ మీంచి వచ్చిన వాగు నీళ్ళు, డికాక్షన్‌ రంగులో. దాని కింద ఉప్పునీళ్ళు. రెండూ కలిసేచోట చూపంతా మసకబారి వణుకుతుందట, చక్కెర పాకంలోంచి చూసినట్టు. ఒక్క క్షణం భయమేస్తుంది. ఇంకో మీటరు దిగితే ఎవరో కిటికీ తుడిచినట్టు తేటపడుతుంది. ముదురు ఆకుపచ్చ. చలికాలం కదా, టార్చి వెలుగు ఎంతో దూరం పోతుంది. రాళ్ళ నిండా తెల్లటి పువ్వుల్లాంటి జీవాలు, గోబీపువ్వుల తోటలా. ఇసుకలో కూరుకుపోయిన ఆల్చిప్ప కనిపించదు. సన్నటి వంపు గీత మాత్రం కనిపిస్తుంది, ఇసుక నవ్వినట్టు. చెయ్యి చాచితే చిప్పలు తపతప కొట్టుకుంటూ ఎగిరిపోతుంది. అంచు పొడుగునా దానికి కళ్ళున్నాయని నువ్వెప్పుడూ చెప్పలేదే! నీలం రంగువట, పూసల వరసలా.

సిలిండరు గురించి రాయొద్దన్నావు. రాయడం లేదు.

నీ
ఇష్బెల్


గ్లాస్గో,
నవంబరు 20

ఇష్బెల్‌కి,

నీ ఉత్తరం ఫెర్గీకి చదివి వినిపించాను. "ఇంట్లోనే ఉంటున్నాడా! వంటకి వంకలు పెట్టడా! ఇంత చల్లగా ఎలా చదువుతున్నావురా నువ్వు? నేనైతే ఈ పాటికి మంచంతో సహా రైలెక్కేవాణ్ణి" అన్నాడు. గదిలో ఆరుగురూ నవ్వారు. నేనూ నవ్వాను.

డైవర్‌ 'గారు'! ఏమిటే ఈ మర్యాద? పాస్టరుని వెనకాల 'ఆ ముసలాడు' అంటావు. నాకైతే ఏనాడూ ఒక 'గారు' తగిలించలేదు. సరే, గొప్ప మనిషే అయ్యుంటారు. ఆ గారికి నా తరఫున కొన్ని మాటలు చెప్పు. అక్షరం పోకుండా చెప్పాలి.

నల్లరాయి కొన దాటి పోవద్దు. అక్కడ నేల ఒక్కసారిగా జారిపోతుంది. ఇరవై మీటర్లు చాలు. దిగేటప్పుడు బురద రేపితే కాళ్ళు ఆడించడం ఆపి, ఊరికే ఉండమను. ఊరికే ఉండడం అన్నిటికంటే కష్టమైన పని, అది అలవాటు చేసుకోమను. జనవరిలో చలికి నోట్లోని గాలిగొట్టం గడ్డకట్టి, మూత తెరుచుకుపోయి గాలి వరదలా వచ్చేస్తుంది. అప్పుడు గొట్టం నోట్లోంచి తీసేయకూడదు. తల కొంచెం పక్కకి వంచి, పెదవుల అంచున ఎంత కావాలో అంత తాగాలి. పడవ నుంచి వేలాడే తాడు వదలకూడదు. బుడగల కంటే నెమ్మదిగా పైకి రావాలి. వస్తూ పాట పాడమను. నవ్వులాట కాదు. పాడే మనిషి ఊపిరి బిగబట్టలేడు. ఊపిరితిత్తులు పగలకుండా కాపాడేది ఆ పాటే.

రోజుకి రెండుసార్లు. మూడోసారి ఎవరు పిలిచినా, కింద ఏమున్నా దిగొద్దు. ఇది మాత్రం రెండుసార్లు చెప్పు.

కుడి బొటనవేలు ఇంకా అలిగే ఉంది. కమ్మీలు పట్టుకుని నాలుగు నిమిషాలు నిలబడ్డాను.

ముర్డో


ఇన్వర్‌కెల్,
1987 జనవరి 18

ప్రియమైన ముర్డోకి,

కొత్త సంవత్సరానికి రాలేకపోయాను. మంచుకి కనుమ దారి పదమూడు రోజులు మూసేశారు. ఉత్తరాల సంచి కూడా అటే ఆగిపోయింది. పాయ చివర వాగు కలిసేచోట నీళ్ళ మీద మంచు అద్దంలా పేరుకుంది. మామ తెడ్డుతో దాన్ని పగలగొడుతూ పడవ నడిపాడు.

మొన్న మంగళవారం పద్దెనిమిది మీటర్ల దగ్గర గాలిగొట్టం గడ్డకట్టింది. నువ్వు రాసినట్టే. చెవుల నిండా హోరు, ముఖం చుట్టూ బుడగలు తప్ప ఇంకేమీ లేదు. గేజిలో ముల్లు కళ్ళముందే దిగిపోతోంది. కాళ్ళు రెండూ పైకి తన్నేయడానికి వాటంతట అవే సిద్ధమయ్యాయి. వాటిని ఆపడం ఎంత కష్టమో రాయలేను. చెయ్యి తాడు మీద పడింది. తల పక్కకి వంచి, పెదవుల అంచున తాగుతూ, పాట అందుకున్నాను. మా అమ్మ ఆవుని పితికేటప్పుడు పాడేది. రెండు చరణాల కంటే రావు, అవే మళ్ళీ మళ్ళీ. ఆరు మీటర్ల దగ్గర ఆగాను. ముల్లు అడుగుకి వచ్చేదాకా ఆగాను. తల పైకి తేలేసరికి మామ పడవ అంచు మీద వంగి ఉన్నాడు. "ఏమిటమ్మాయ్‌ ఆ బుడగలు, కింద కుండలేమన్నా కడుగుతున్నావా?" అన్నాడు. అంటూనే నా చంకలు పట్టి పడవలోకి లాగేశాడు.

చదివావు కదా. 'డైవర్‌ గారు' అని రాయడం మర్చిపోయాను. మర్చిపోలేదు, చాతకాలేదు. డైవర్‌ని నేనే, ముర్డో.

పెళ్ళైన ఏడాది నువ్వే నేర్పించావు. పన్నెండుసార్లు దిగాను. తర్వాత పైన ఒకరుండాలి కదా అని మానేశాను. అది నాకేం బాధ కాదు. కానీ అక్టోబరులో ఆ షెడ్డులో నిలబడ్డప్పుడు నాకు ఒక్కటే అనిపించింది. నేను నింపిన గాలి నిన్ను ఏం చేసిందో నేనే పీల్చి చూడాలి. పడవ, గిరాకీ, అవన్నీ తర్వాత కలుపుకున్న సాకులు. దిగేముందు ముల్లు మూడుసార్లు చూస్తాను. కింద ప్రతి పదో ఊపిరికి చూస్తాను. అయినా ప్రతి ఊపిరీ అనుమానమే.

చెప్పకపోవడం తప్పే. చెబితే వద్దంటావు. వద్దంటే మానేదాన్ని.

నీ
ఇష్బెల్


ఇన్వర్‌కెల్,
ఫిబ్రవరి 20

ముర్డోకి,

నెల దాటింది. దారులు తెరిచారు, ఉత్తరాల వ్యాను రోజూ వస్తోంది. కోపమైతే కోపమని రాయి. ఫోను చేస్తే నర్సు నువ్వు నిద్రపోతున్నావంది. పగలు పదకొండింటికి!

దిగడం మానలేదు. మానను కూడా.

నిన్న సిలిండర్లు నింపాను. ముల్లు చూశాను. మామని పిలిచి చూపించాను. ఆయన కళ్ళజోడు తెచ్చుకుని చూశాక మళ్ళీ నేను చూశాను. "అమ్మాయ్‌, అదేమన్నా జ్వరమొచ్చిన పసిబిడ్డా, ఇన్నిసార్లు చూడ్డానికి?" అన్నాడు. నవ్వుదామనుకున్నాను. షెడ్డులో ఆ గచ్చు మీదే కూలబడి ఏడ్చాను. పాపం మామ ఏం చెయ్యాలో తెలియక కంప్రెసరు తుడుస్తూ నిలబడ్డాడు.

ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

ఇష్బెల్


గ్లాస్గో,
మార్చి 1

ఇష్బెల్‌,

నువ్వే దిగుతున్నావని నవంబరులోనే తెలుసు. వాగు నీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసేచోట చూపు వణుకుతుందని రాశావు చూడు, అక్కడే. పని కోసం దిగేవాడు పైకి వచ్చాక ఇంటావిడకి అది చెప్పడు. పదిహేనేళ్ళలో నేనే నీకు చెప్పలేదు. ఆ ఉత్తరం ఫెర్గీకి చదివింది నవ్వడానికి కాదు. మా ఆవిడ ఎలా చూస్తుందో ఎవరికైనా వినిపించాలనిపించింది. ఆ జాగ్రత్తలన్నీ నీకోసమే రాశాను. వద్దనలేదు, ఎందుకంటే వద్దనే అర్హత నాకు లేదు.

ఈ నెల రోజులూ నేను రాయలేకపోయింది కోపం వల్ల కాదు. ఐదు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. నీ ఫిబ్రవరి ఉత్తరం వచ్చాక ఇక చింపలేను.

సిలిండరు నిండుగానే ఉంది.

ఆ పొద్దున నువ్వు, "ఇవాళ్టికి రెండు చాలు ముర్డో" అన్నావు. నేను విసుక్కుని మూడోసారి దిగాను. నల్లరాయి కొన దాటి, నలభై మీటర్లకి. అక్కడ ఆల్చిప్పలు సాసర్లంత ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. ఎవరూ ముట్టని చోటు. గడియారం చూశాను, పైకి బయల్దేరాల్సిన వేళ. ఇంకో పది ఏరుకుందామనుకున్నాను. మళ్ళీ ఇంకో పది. మళ్ళీ చూసుకునేసరికి ఎంతసేపు దాటిపోయిందో అర్థమైంది. ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగుతూ రావాలో నాకు కంఠతా వచ్చు. ఒక్కచోట ఆగలేదు. చిన్నపిల్లాడిలా భయపడి, తన్నుకుంటూ పైకి వచ్చేశాను.

తేలిన చోట ఉరవడి నన్ను కొన వెనక్కి తోసింది. నువ్వు పడవ తిప్పుకుని రావడానికి కొంతసేపు పట్టింది. అప్పటికి నాకు నొప్పి లేదు, ఏమీ లేదు. సిగ్గు మాత్రం ఉంది. "నేను చెప్పానా" అంటావని. సిలిండరులో ఇంకా పావు వంతు పైనే గాలి ఉంది. గొట్టం మీట నొక్కి పట్టుకుని, ఆ గాలంతా బయటికి వదిలేశాను. నువ్వొచ్చేలోపు ముల్లు సున్నాకి దించాను. నన్ను పైకి లాగగానే ఆ మాట అన్నాను.

సాయంత్రానికల్లా నవ్వుతూ చెప్పేద్దామనుకున్నాను, ఇష్బెల్‌. నిజం. కానీ పది నిమిషాల్లో కాళ్ళు పోయాయి. ఆ తర్వాత హెలికాప్టరు, బుడగలు కరిగించే ఒత్తిడి గది, డాక్టర్లు. అందరికీ ఆ మాటే చెప్పాను. చెప్పినకొద్దీ అది గట్టిపడింది. నువ్వు అక్టోబరులో రాసినప్పుడు చెప్పాల్సింది. 'వదిలెయ్‌' అని రాశాను, పెద్ద మనసున్నవాడిలా.

నువ్వు నింపిన గాలిలో ఏనాడూ లోటు లేదు. ఇంకెప్పుడూ ముల్లు మూడుసార్లు చూడకు.

ఈ నెల ఇరవై నాలుగున పంపించేస్తారట. రెండు కర్రల మీద ఇరవై అడుగులు నడుస్తాను. రమ్మంటే ఇంటికి వస్తాను. వద్దంటే ఫెర్గీ వాళ్ళ అక్క ఇంట్లో ఒక గది ఉందన్నాడు.

ముర్డో


ఇన్వర్‌కెల్,
మార్చి 10

ముర్డోకి,

నీ ఉత్తరం గట్టు మీద నిలబడే చదివాను. సిలిండర్లు సగం పడవలో, సగం బయట. మామ, "ఏం రాశాడు?" అన్నాడు. "సిలిండరు నిండుగానే ఉందట" అన్నాను. ఆయన తాడు చుట్టడం ఆపేశాడు. "వాడు చిన్నప్పుడు మా అక్క జాడీ పగలగొట్టి నేరం పిల్లి మీద పెట్టాడు. మేం ఆ పిల్లిని ఎవరికో ఇచ్చేశాం" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆయనకీ రాలేదు. ఆ రోజు దిగలేదు.

మూడు రోజులు మనసులో కూడా నీతో మాట్లాడలేదు. నువ్వు ఎప్పుడూ కూర్చునే కుర్చీ తీసుకెళ్ళి షెడ్డులో పడేశాను. ఆరు నెలలు ముర్డో. ఆ పొద్దున బట్టలు ఆరేశానా లేదా అని తల బద్దలు కొట్టుకున్నాను. కలలో కూడా ఆ తీగ మీద బట్టలే. నీ కాళ్ళు పోగొట్టింది నేనేనని, నీ కాళ్ళు కడుగుతూ అనుకున్నాను. నువ్వు పైకి చూస్తూ పడుకున్నావు.

క్షమించానని రాయను. రాస్తే అది అబద్ధమవుతుంది, ఒక ఇంటికి ఒక అబద్ధం చాలు. ముందు ముందు ఏమవుతుందో చూద్దాం. కానీ ఇంకోటి కూడా నిజమే. నాలుగో రోజు సిలిండరు నింపి ముల్లు చూశాను. ఒక్కసారే. దిగాను. మసక దాటి ఆకుపచ్చలోకి వెళ్ళాక అర్థమైంది, ఇన్నాళ్ళూ నేను అక్కడ నా గుండెచప్పుడు తప్ప ఇంకేమీ వినలేదని. మొన్న విన్నాను. ఇసుక మీద చిన్న గులకరాళ్ళు దొర్లుతుంటే చిటపట చప్పుడు. దూరంగా ఏదో పడవ. ఒక సీలు జంతువు వచ్చి నా కాలికి తొడుక్కున్న ఈత రెక్క నోట కరుచుకుని లాగి, నేను తిరిగి చూస్తే ఏమీ ఎరగనట్టు పక్కకి తప్పుకుంది. నీళ్ళలో నవ్వితే ముఖానికి పెట్టుకున్న అద్దంలోకి నీళ్ళు వస్తాయని అప్పుడే తెలిసింది. సంచి నిండింది. ఆ పూట తిన్న అన్నం ఒంటబట్టింది.

ఫెర్గీ వాళ్ళ అక్కకి నా థాంక్స్‌ చెప్పు. ఆ గది ఇంకెవరికైనా ఇచ్చుకోమను.

ఇరవై నాలుగున బస్సు ఒంటిగంటకి వస్తుంది. నేను రాను, పడవ సిద్ధం చేసుకుంటూ ఉంటాను. మామ వ్యాను తెస్తాడు. ఇంటికి పోకుండా నేరుగా గట్టు మీదికి రండి. రెండున్నరకి ఆటుపోట్లు ఆగి నీళ్ళు నిలకడగా ఉంటాయి, అప్పుడు దిగుతాను. మామా నేనూ నిన్ను పడవలోకి ఎత్తుతాం. ఎత్తించుకోవడానికి సిగ్గుపడితే గట్టు మీదే వదిలేస్తాను, ముందే చెబుతున్నాను. మందపాటి మేజోళ్ళు వేసుకో. కాళ్ళకి చలి తెలియకపోతే మరీ ప్రమాదం, నీకు చెప్పాలా?

నేను పైకి తేలాక నన్ను పలకరించకు, లోతు ఎంత అని అడగకు. ముందు సంచి అందుకో, బరువుగా ఉంటుంది. మిగతా మాటలు టీ తాగాక. పడవ మీద ఉండే పని నీకు కొత్త. మామ చెప్పినట్టు విను.

ఇష్బెల్‌